కొల్లేటి నుంచి చిన్న తిరుపతికి: మేమా, మనమా?

మొక్కులు రెండు రకాలు. ఎవరి కాళ్ళతో వాళ్ళు మొక్కుకునేవి ఒక రకం. పక్కవాళ్ళ కాళ్ళు కూడా తాకట్టు పెట్టి మొక్కుకునేవి రెండో రకం. మా నాగమణిది రెండో రకం. అది మొక్కుకుంది, నేను నడిచాను. అదీ నడిచిందనుకోండి, ఎలా నడిచిందో చెప్పడానికే ఇదంతా. కొల్లేటి లంకల నుంచి గుండుగొలను, భీమడోలు మీదుగా ద్వారకా తిరుమలకు, అంటే మా వైపు అందరూ చిన్న తిరుపతి అని పిలుచుకునే కొండకు, కాలినడకన వెళ్దామనుకునేవాళ్ళకు నాలుగు ముక్కలు ఉపయోగపడతాయని రాస్తున్నాను. రెండు రోజుల నడక అనుకుని బయల్దేరాం. మూడు రోజులు పట్టింది.

ముందు మా ఇద్దరి సంగతి. నాగమణిది తాడేపల్లిగూడెం. హైస్కూల్లో సోషల్ చెబుతుంది. నేను ఏలూరు పక్కన వట్లూరులో ఉంటాను, తెలుగు చెబుతాను. టీచర్ ట్రైనింగ్‌లో ఇద్దరిదీ ఒకటే గది. మా స్నేహం మొదలైందే ఒక వ్యాకరణ దోషంతో. చేరిన కొత్తలో ఒక శనివారం అది నాతో, "రేపు మనం ఊరెళ్తున్నామే, బస్సు ఆరింటికి" అంది. నేను బుద్ధిగా సంచీ సర్దుకుని పొద్దున్నే బస్టాండుకు తయారయ్యాను. నన్ను చూసి అది నోరెళ్ళబెట్టింది. "నువ్వెక్కడికే?" అంది. "నువ్వేగా మనం అన్నావు!" అన్నాను. వినేవాళ్ళను కూడా కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. ఇంతే కదా నియమం. కానీ గోదావరి జిల్లాల మర్యాదలో పెరిగిన నాగమణి నోటికి 'మేము' అన్న మాట రాదు. దానికి అంతా మనమే. మనిల్లు, మనబ్బాయి, మన గేదె ఈనింది. ఆ రోజు అది పకపకా నవ్వి నాకూ టికెట్టు కొంది. వాళ్ళ పుట్టింట్లో రెండు రోజులు కొల్లేటి చేపలు తిని వచ్చాను. అప్పట్నుంచీ దాని 'మనం' దిద్దడం నా పని, దిద్దినా మారకపోవడం దాని పని.

రెండేళ్ళ క్రితం నేను స్కూటీ మీద వస్తూ రోడ్డు మీద పోసిన ఇసుకలో జారిపడ్డాను. తొడ ఎముక విరిగింది. రాడ్డు వేశారు. కర్ర లేకుండా నడుస్తానో లేదో అప్పుడే చెప్పలేమన్నారు. నా చిన్నప్పుడు ఏటా మా నాన్నతో ఏలూరు నుంచి గుణదల మాత కొండకు నడిచి వెళ్ళిన కాళ్ళివి. పెద్దయ్యాక సెలవు దొరికితే చాలు ఏదో ఒక కొండ ఎక్కిన కాళ్ళు. నడవలేనంటే నాకు ఏడుపు ఆగలేదు. నాగమణి ఆసుపత్రి వరండాలో కూర్చుని, నాతో ఒక్క మాట చెప్పకుండా మొక్కేసుకుంది. నేను కర్ర పక్కన పెట్టి ఏడాది తిరిగాక అప్పుడు బయటపెట్టింది.

"ఒసే, నేను క్రిస్టియన్ని. చిన్న తిరుపతి వెంకన్నకు నా కాళ్ళెలా మొక్కుతావే?" అన్నాను.

"కాళ్ళకి మతమేంటే, ఎముకలేగా" అంది.

అన్న మాట అన్నట్టు చెప్పమన్నాను. "స్వామీ, దీని కాలు నిలబెట్టు, మనిద్దరం నా పుట్టింటి గుమ్మంలోంచి నీ తొలిమెట్టు దాకా నడుచుకుంటూ వస్తాం, అన్నానే" అంది. నాకు కడుపుబ్బ నవ్వొచ్చింది. "స్వామితో మాట్లాడుతూ మనిద్దరం అన్నావంటే నువ్వూ స్వామీ అని అర్థం. అందులో నేనెక్కడున్నానే?" అని ఏడిపించాను. "ఆయన నీలాగా ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చోడులే" అని కొట్టిపారేసింది.

ఈ ఫిబ్రవరికి నవ్వులాట పోయింది. నా కాలు బాగానే ఉంది. దాని మోకాళ్ళు పాడయ్యాయి. వేసవి సెలవుల్లో ఆపరేషన్ చేయాలన్నారు. ఆ తర్వాత ఇంత దూరం నడవనిస్తారో లేదో తెలియదు. మొక్కు తీర్చకుండా ఆపరేషన్ బల్ల ఎక్కనని అది మొండికేసింది. దాని భయం తన మోకాళ్ళ గురించి కాదు. మొక్కింది నా కాలి గురించి కాబట్టి, ఎగ్గొడితే దెబ్బ నా కాలికే తగులుతుందని. నాకు అలాంటి నమ్మకాలు లేవు. కానీ మా అమ్మ, ఒక్క ఆదివారం కూడా గుడి మానని మా అమ్మ, "నీ కోసం మొక్కుకున్న మనిషి అదే. దాని కోసం నడవడం పాపం కాదు, వెళ్ళు" అంది. గుడి అంటే మా ఇంట్లో చర్చి అని అర్థం. నాకు నడక సెలవు, దానికి మొక్కు. ఒప్పందం కుదిరింది.

నాగమణి పుట్టిల్లు ఆగడాలలంక దాటాక ఉన్న ఒక చిన్న ఊళ్ళో. ఏలూరు నుంచి భీమడోలు వైపు వెళ్ళే ఏ పల్లెవెలుగు ఎక్కినా గుండుగొలనులో దింపుతారు. అక్కడ నుంచి షేర్ ఆటోలు ఉంటాయి, మనిషికి నలభై రూపాయలు తీసుకున్నారు. చీకటి పడితే ఆటోలు తగ్గిపోతాయి, కాబట్టి సాయంత్రానికల్లా చేరుకోవాలి. మేం చేరేసరికి దాని తమ్ముడు శ్రీను గుమ్మంలోనే ఉన్నాడు. శ్రీనుకు చేపల చెరువులున్నాయి. శ్రీను భార్య చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, "అక్కండీ, మీరొస్తున్నారని కొర్రమీను తెప్పించానండి" అంది. నా ప్రాణం లేచొచ్చింది. వెనకనుంచి నాగమణి, "మొక్కు తీరేదాకా నీచు లేదు" అంది. "మొక్కులో నా కాళ్ళున్నాయి గానీ నోరు లేదు కదే" అన్నాను. "కాళ్ళు వస్తే నోరు రాదా?" అంది. ఎదురుగా పులుసు వాసన వస్తుంటే ముద్దపప్పు, వంకాయ కూర తిని పడుకున్నాను. కొల్లేటికి వచ్చి వంకాయ తిన్నదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

భోజనాల దగ్గర శ్రీను తన వంతు ప్రయత్నం చేశాడు. "అక్కా, ఆ మోకాళ్ళేసుకుని ఎందుకే. హాయిగా రైలెక్కి పెద్ద తిరుపతెళ్ళి దణ్ణం పెట్టుకో. ఎక్కడైనా ఆయనేగా" అన్నాడు. ఇక్కడ తెలియనివాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. పెద్ద తిరుపతి మొక్కును చిన్న తిరుపతిలో తీర్చుకోవచ్చు గానీ, చిన్న తిరుపతి మొక్కు చిన్న తిరుపతిలోనే తీరాలని ఈ జిల్లా అంతా నమ్ముతారు. "నీకు తెలీదా ఆ సంగతి?" అని నాగమణి వాడి మీదకు లేచింది. వాడు తలొంచుకుని మజ్జిగ పోసుకున్నాడు.

మర్నాడు తెల్లవారుతుండగానే గుమ్మం దాటాం. నాగమణి గుమ్మానికి దణ్ణం పెట్టింది, నేను నా కాలు ఒకసారి తడుముకున్నాను. మొదటి రెండు గంటలు చేపల చెరువుల గట్ల మీదే దారి. ఒకపక్క చెరువుల్లో గాలి కొట్టే మిషన్లు నీళ్ళు ఎగజిమ్ముతుంటాయి, రెండోపక్క కాలువ నిండా గుర్రపుడెక్క. దూరంగా కిక్కిస గడ్డి, దాని వెనక మంచులో కొల్లేరు. ఫిబ్రవరిలో రావడానికి అదే కారణం. గూడబాతులు ఇంకా వెళ్ళిపోలేదు. ఎర్రకాళ్ళ కొంగలు గట్టు మీదే నిలబడి, మేం దగ్గరికొస్తే నాలుగడుగులు పక్కకు జరిగి మళ్ళీ నిలబడ్డాయి. వాటికీ మర్యాద తెలుసు. గట్టు దారి మెత్తగా ఉంటుంది, మోకాళ్ళకు హాయి. కానీ నీడ లేదు. చేపల లారీలు పోయాక దారంతా బురద, జారుతుంది. నేను నా నడక కర్ర తెచ్చుకున్నాను. నాగమణికి ఇవ్వబోతే, "ముసలమ్మలాగా కర్రేంటే, ఊళ్ళో వాళ్ళు చూస్తే నవ్విపోతారు" అని నెట్టేసింది.

ఆ రోజంతా మాకు ఎదురైన పెద్ద ఇబ్బంది ఎండ కాదు, మర్యాద. ఈ వైపు మనుషులు నడిచేవాళ్ళను నడవనివ్వరు. ప్రతి బండీ ఆగుతుంది. "ఎక్కండమ్మా, పర్లేదండి, నేనూ అటేనండి." మొక్కు అని చెబితే దణ్ణం పెట్టి వెళ్తారు. ఇక దూరం అడిగితే ఒకటే జవాబు. "దగ్గరేనండీ." అలిసిపోయిన మనిషికి దూరం అని చెప్పడానికి వీళ్ళకు మనసొప్పదు. గుండుగొలను ఎంత దూరమని ఒక పెద్దాయన్ను అడిగాను. "ఎంతో లేదండీ, ఇదిగో ఇలా తిరిగితే అదేనండి" అన్నారు. అలా తిరిగాం. అది కాదు. మళ్ళీ ఇంకొకావిణ్ణి అడిగాం. "అబ్బే, వచ్చేశారు కదండీ!" ఇంకో గంట నడిచాం. గుండుగొలనులో నీడన కూర్చుని పెరుగన్నం తిని, హైవేకు దూరంగా పక్క దారి పట్టుకుని, పొద్దు వాలేసరికి భీమడోలు చేరాం. మొత్తం పదిహేను కిలోమీటర్ల చిల్లర ఉంటుంది. భీమడోలు చిన్న ఊరు, లాడ్జీల మీద పెద్ద ఆశలు పెట్టుకోకండి. ఫంక్షన్ హాలువాళ్ళ గది ఒకటి ఏడు వందలకు దొరికింది, శుభ్రంగానే ఉంది. నాగమణి మంచం మీద కూర్చుని రెండు చేతులతో కాలు ఎత్తి పైన పెట్టుకోవడం నేను చూశాను. చూసినట్టు తెలియనివ్వలేదు.

రెండో రోజు పొద్దున్నే సెంటర్‌లో ఇడ్లీ తిని బయల్దేరాం. ఊళ్ళోంచి కొండ వైపు వెళ్ళాలంటే రైల్వే గేటు దాటాలి. మేం వెళ్ళేసరికి గేటు పడింది. అటూ ఇటూ బళ్ళవాళ్ళంతా హారన్లు కొట్టి విసుక్కుంటున్నారు. నాగమణి ఒక్కతే సంతోషంగా పక్కనున్న దిమ్మ మీద కూలబడింది. ఒక గూడ్సు పోయింది, గేటు లేవలేదు. ఇంకో ఎక్స్‌ప్రెస్ పోయింది. "ఇంకోటి కూడా వస్తే బావుణ్ణే" అంది. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది.

గేటు దాటాక నేల మారుతుంది. ఈ దారిలో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. వరి చేల నల్లమట్టి వెనకబడి, మెల్లగా ఎర్రమట్టి మొదలవుతుంది. నీళ్ళ ఊళ్ళ నుంచి మెట్ట ఊళ్ళకు వచ్చామని కాళ్ళకే తెలుస్తుంది. కొబ్బరి, కోకో, ఆ తర్వాత ఎటు చూసినా పామాయిల్ తోటలు. తోటల పక్కన నడిస్తే ఎండ తగలదు. రోడ్డు మీద ట్రాక్టర్లలో పామాయిల్ గెలలు పోతుంటాయి. పసుపు బట్టలు కట్టుకుని చెప్పుల్లేకుండా నడిచేవాళ్ళు గుంపులుగా కనిపించారు. శుక్రవారం కావడంతో శనివారం దర్శనానికి బయల్దేరినవాళ్ళు. కుర్రవాళ్ళు గోవిందా అంటూ మమ్మల్ని దాటిపోతుంటే నాగమణి కూడా గోవిందా అనేది, కానీ నోట్లో ఉన్న హుషారు కాళ్ళలో లేదు.

ఒకచోట బైకు మీద ఒకాయన ఆగారు. నలభై ఏళ్ళుంటాయి, వెనక ఎరువు బస్తా. "ఎక్కండమ్మా, ఒక్కొక్కర్ని దింపేస్తానండి" అన్నారు. "మొక్కండీ, నడవాలండి" అంది నాగమణి. "అయ్యో, మొక్కా అండీ!" అని ఆయన వెంటనే బండి దిగిపోయారు. దిగి, ఇంజను ఆపి, బస్తాతో సహా బండిని తోసుకుంటూ మా పక్కన నడవడం మొదలుపెట్టారు. "మీరు వెళ్ళండి, మీకెందుకండీ శ్రమ" అన్నాను. "మీరు మొక్కుకుని నడుస్తుంటే నేను బండెక్కి పోతే బావుండదు కదండీ. మా ఊరి దాకా వస్తానండి" అన్నారు. ఎంత చెప్పినా వినలేదు. చెమటలు కక్కుతూ రెండు మైళ్ళు తోశారు. విడిపోయేటప్పుడు, "ఇంకెంతండీ కొండ?" అని అడిగాను. "దగ్గరేనండీ" అన్నారు. ఆ మనిషి మీద కోపం ఎలా వస్తుంది చెప్పండి?

మధ్యాహ్నం మూడు దాటాక, ఇంకా మూడో వంతు దారి ఉందనగా, నాగమణి మోకాలు పట్టేసింది. నడుస్తూ నడుస్తూ రోడ్డు పక్కనే కూర్చుండిపోయింది. కాలు చాపలేదు, ముడవలేదు. పెదవి కొరుక్కుంటోంది గానీ అమ్మా అనలేదు. నేను నీళ్ళు పోశాను, నొప్పి మందు రాశాను. ఒక్క అడుగు వేయించబోతే నా భుజం గట్టిగా పట్టేసుకుంది. అంతలో ఒక ఆటో ఆగింది. డ్రైవరు దిగి వచ్చి, "ఏమండీ, అమ్మగారికి బాలేదాండీ? ఎక్కించండి, కొండ దగ్గరకేగా, డబ్బులేమీ వద్దండి" అన్నాడు.

"ఎక్కు" అన్నాను.

"ఎక్కను."

"నాగమణీ, చాలు. ఇంత దూరం వచ్చాం. దేవుడికి కళ్ళు లేవా? ఎక్కు."

"నేను ఎక్కితే నీ కాలికేమన్నా అయితే?" అని అరిచింది. అరిచి, ఆ డ్రైవరు ముందే భోరుమని ఏడ్చింది. "రాడ్డు వేసిన రోజున నిన్ను చూశానే నేను. మళ్ళీ నిన్నలా చూడలేనే."

నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. కోపమొస్తే నేను టీచర్ని అయిపోతాను. "ఇలా విను. మొక్కులో నువ్వేమన్నావు? స్వామితో మనిద్దరం అన్నావు. అంటే నువ్వూ, స్వామీ. ఆ మాటలో నేను లేను. వ్యాకరణం ప్రకారం నా కాలికీ నీ మొక్కుకూ సంబంధమే లేదు. కాబట్టి నా కాలికేమీ కాదు. నోరు మూసుకుని ఆటో ఎక్కు" అన్నాను.

నాగమణి కొంగుతో ముక్కు తుడుచుకుంది. సోషల్ టీచరు కదా, వాదన అంటే వదలదు. "అయితే నడుస్తున్నది నేనూ, స్వామీ అంటావు" అంది.

"ఆఁ."

"మరి ఆయన నడుస్తుంటే నేను ఆటో ఎక్కుతానా?"

ఆటో డ్రైవరు నవ్వాపుకోలేక అటు తిరిగాడు. నాకూ నవ్వొచ్చేసింది. రోడ్డు పక్కన ఎర్రమట్టిలో కూర్చుని ఇద్దరం ఏడుస్తూ నవ్వాం. నవ్వుతుండగానే నాకు ఇంకో సంగతి తట్టింది. "సరే, ఇంకోటి చెప్పు. నడుచుకుంటూ వస్తాం అన్నావు. ఎప్పుడొస్తామన్నావు? ఇవాళ వస్తామన్నావా?"

"లేదే. వస్తాం అన్నాను, అంతే."

"మరింకేం! వస్తాం అంటే రేపైనా వస్తాం, ఎల్లుండైనా వస్తాం. తేదీ వేయలేదు నువ్వు. ఇవాళ్టికి ఇక్కడే ఆగుదాం."

దాని మొహం వికసించడం చూసి తీరాలి. ఇన్నేళ్ళుగా నా వ్యాకరణాన్ని తిడుతున్న మనిషి మొట్టమొదటిసారి దాన్ని మెచ్చుకుంది. డ్రైవరే వెనక్కు చూపించి, "అదిగోనండీ, తోట మొదట్లో సీతారత్నం గారి టిఫిన్ కొట్టుందండి, మంచోళ్ళండి" అన్నాడు. ఎంత దూరమని అడగబోయి ఆగిపోయాను గానీ, ఈసారి నిజంగానే దగ్గరే. నా కర్ర ఈసారి మారు మాట్లాడకుండా తీసుకుంది. కర్ర ఒక చేత, నా భుజం ఒక చేత పట్టుకుని, ఆగి ఆగి, అక్కడిదాకా నడిచింది.

సీతారత్నం గారు మమ్మల్ని చూసి ఏమిటి, ఎవరు అని అడగలేదు. ముందు నీళ్ళు, తర్వాత అల్లం పచ్చడితో వేడి పెసరట్లు. ఆ తర్వాత, "ఎక్కడనుంచండీ రాక?" అన్నారు. సంగతి విని, ఆముదపాకులు పెనం మీద వెచ్చబెట్టి మోకాలికి కట్టారు. "మా వసారాలో పడుకోండి. బాత్రూమ్ వెనకాల ఉందండి. మొక్కు కాళ్ళు గడప దాకా వస్తే మేం పంపించేస్తామా?" అన్నారు. నాగమణి మొహమాటపడి, "మనం పొద్దున్నే లేచి వెళ్ళిపోతామండి" అంది. సీతారత్నం గారు, "నేనెక్కడికండీ? కొట్టెవరు చూస్తారు?" అన్నారు. నేను పడీ పడీ నవ్వాను. పెసరట్లకు మనిషికి యాభై తీసుకున్నారు, వసారాకు తీసుకోలేదు. ఆ కట్టు మహిమో, విశ్రాంతి మహిమో, పొద్దున్నకు వాపు తీసింది.

మూడో రోజు మేం నడిచిన తీరు నడక పుస్తకాల్లో ఎక్కడా ఉండదు. రెండు కరెంటు స్తంభాల దూరం నడవడం, కూర్చోవడం. మళ్ళీ రెండు స్తంభాలు. ఎండ రాకముందే బయల్దేరడం మంచిదైంది. ఎవరైనా బండి ఆపబోతే ఈసారి నేనే ముందు, "మొక్కండీ!" అని అరిచేదాన్ని. నా నోట ఆ మాట విని నాగమణి నవ్వేది. ఒక మలుపు తిరిగేసరికి కొండ మీద గోపురం కనిపించింది. ఎవరినీ అడగకుండానే దగ్గరైంది. పది గంటలవుతుండగా మెట్ల దగ్గరికి చేరాం.

తొలిమెట్టు దగ్గర పాదుకామండపం ఉంది. మెట్ల దారిన కొండెక్కేవాళ్ళు ముందు అక్కడ స్వామి పాదాలకు దణ్ణం పెట్టుకుని ఎక్కుతారు. మా మొక్కు అక్కడిదాకానే. అక్కడ ఆగిపోవాలని నేను ముందే అనుకున్నాను, నాగమణికీ చెప్పాను. అది చెప్పులు వదిలేసి, నా కర్ర నా చేతికిచ్చి, రెండు చేతులూ జోడించింది. ఒళ్ళంతా దుమ్ము, మోకాలికి ఆముదపాకులు, జుట్టు రేగిపోయి ఉంది. చుట్టూ అంత జనం ఉన్నా పట్టించుకోకుండా గట్టిగా, "వచ్చాం స్వామీ. మనం ముగ్గురం నడిచి వచ్చేశాం" అంది.

అయినా అలవాటు పోతుందా? "ముగ్గురేంటే? మేమిద్దరం అనాలి" అన్నాను.

నాగమణి నా వైపు తిరిగింది. "నిన్న నువ్వేగా చెప్పావు, స్వామితో మనం అంటే ఆయనా ఉన్నట్టేనని. నేను ఎలాగూ ఉన్నాను, నిన్ను కాళ్ళీడ్చుకుంటూ తెచ్చాను. ముగ్గురం కాదా?"

"ఆయన కొండ మీదున్నాడు కదే, నడవడమేంటి?"

"కొండ మీదే ఉంటే" అని అది మండపం వైపు చెయ్యి చూపించింది, "పాదాలు ఇక్కడ కింద ఎందుకున్నాయే?"

ముప్పై ఏళ్ళుగా తెలుగు చెబుతున్నదాన్ని, దాని భుజం మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఎందుకంటే ఏం చెప్పను? కాలు నిలబడినందుకు, అది నా కోసం అంత భయపడినందుకు. తర్వాత కళ్ళు తుడుచుకుని, నాకొచ్చిన ప్రార్థన నేను అక్కడే నిలబడి చేసుకున్నాను. నాగమణి నా ప్రార్థన అయ్యేదాకా కదలకుండా నిలబడింది. నడిచే మొక్కు తీరిపోయింది కాబట్టి, పైకి మాత్రం నిక్షేపంగా ఆటోలో వెళ్ళి దర్శనం చేసుకుంది. నేను కింద కొబ్బరిబొండం తాగుతూ కూర్చున్నాను. ఏ సెలవులోనూ నాకు ఇంత తృప్తి కలగలేదు.

కొండ దగ్గర్నుంచి ఏలూరుకూ, తాడేపల్లిగూడేనికీ బస్సులుంటాయి. మూడు రోజులు నడిచిన దారిలో సగం పైగా బస్సు గంటలోపే వెనక్కు తిప్పేసింది. సీతారత్నం గారి కొట్టు, రైల్వే గేటు కిటికీలోంచి రెప్పపాటులో పోయాయి. పాతకాలంలో లంకల వాళ్ళు దోనెల్లోనూ కాలినడకనూ ఇదే కొండకు వచ్చేవాళ్ళట. ఎన్నాళ్ళు పట్టేదో ఎవరూ చెప్పరు. ఎప్పుడొస్తామో చెప్పకుండా, వస్తామని మాత్రం చెప్పి బయల్దేరేవాళ్ళేమో. అలా బయల్దేరినవాళ్ళకు దారి తొందరపెట్టదు. ఈ దారిన నడవాలనుకునేవాళ్ళకు నేను చెప్పే సలహా కూడా అదే. రెండు రోజుల నడకే అయినా మూడో రోజు చేతిలో ఉంచుకుని రండి, తిరుగు టికెట్టు ముందే కొనుక్కోకండి. ఎందుకంటే ఇక్కడ ఎవర్ని అడిగినా దగ్గరేనండీ అంటారు.

నేను భీమడోలు దాటి వట్లూరు వచ్చేశాను. నాగమణి గూడెం బస్సెక్కింది. సాయంత్రం ఫోను మోగింది. "మనం ఇంటికొచ్చేశామే" అంది. అది గూడెంలో, నేను వట్లూరులో. దిద్దుదామని మాట నోటిదాకా వచ్చింది.

"ఆఁ, వచ్చేశాం" అన్నాను.